దేంట్ల పోస్తరు?

ఫర్మా గదికి పద్దెనిమిది ఇనుప మెట్లు. ఎవరు ఎక్కి వస్తున్నారో చంద్రయ్య చప్పుడును బట్టే చెప్పగలడు. ఫౌండ్రీ మేస్త్రి ఆశన్న బూట్లు దబదబమంటాయి. స్టోర్స్ సూపరింటెండెంట్ ఆత్మారాం ఆరో మెట్టు దగ్గర ఒకసారి, పన్నెండో మెట్టు దగ్గర ఒకసారి ఆగి ఆయాసం తీర్చుకుంటాడు. ఆ సోమవారం పొద్దున ఆత్మారాం రెండుసార్లూ ఆగాడు. ఆయన ఆగినప్పుడల్లా వెనక ఇంకెవరివో చెప్పులు కూడా ఆగాయి. అవెవరివో చంద్రయ్యకు అంతుపట్టలేదు. పందొమ్మిదేళ్లలో ఆడమనిషి ఎవరూ ఆ మెట్లు ఎక్కలేదు మరి.

చిత్రిక పట్టడం ఆపి, ఒళ్లో పడ్డ చెక్క పొట్టు దులుపుకుని లేచి నిలబడ్డాడు.

"ఈ మేడమ్ హైదరాబాద్ కంప్యూటర్ సెంటర్ నుంచి వచ్చింది, చంద్రయ్యా. వసంతమ్మ. నీ ఫర్మాలన్నీ కార్డులకు ఎక్కిస్తది. శనివారం దాంక ఉంటది. ఏదడిగితే అది చెప్పు" అన్నాడు ఆత్మారాం, గదిలో ఉన్న ఒక్క స్టూలు మీదా తానే కూలబడుతూ.

పాతికేళ్ల పిల్ల. నూలు చీర, భుజాన గుడ్డ సంచి, చంకలో అట్టపెట్టె. గోడల నిండా అరలు, అరల నిండా చెక్క చక్రాలు, చెక్క పళ్లు, చెక్క గొట్టాలు. వాటిని చూస్తూ నోరు తెరుచుకుని నిలబడింది. కూర్చోమనడానికి స్టూలు ఖాళీ లేనందుకు చంద్రయ్యకే సిగ్గేసింది.

డెబ్బై నాలుగు జనవరి అది. గానుగాట మంచి జోరు మీదుంది. బోధన్ రోడ్డు మీద చెరకు బండ్లు మైలు పొడవునా నిలబడి ఉన్నాయి. ఆ చక్కెర ఫ్యాక్టరీ చిన్నదే కానీ, దాని యంత్రాలు ఏ దేశం నుంచో వచ్చిన పాతవి. విరిగిన సామాను బజారులో దొరకదు, ఇక్కడే పోత పోసుకోవాలి. చంద్రయ్య ముందు ఆ సామానును చెక్కతో చెక్కుతాడు. అదే ఫర్మా. కింద ఫౌండ్రీలో ఆశన్న దాన్ని తడి ఇసుకలో అదిమి, మెల్లగా పైకి తీసి, మిగిలిన ఖాళీలో కరిగిన లోహం పోస్తాడు. ఫర్మా మళ్లీ మెట్లెక్కి అరలోకి వస్తుంది. మళ్లీ అదే సామాను విరిగినప్పుడు మళ్లీ దిగుతుంది. అట్లా ఎక్కుతూ దిగుతూ ఉన్నవి రెండు వందల నలభై.

ఆత్మారాం లేచాడు. వెళ్లేవాడు వెళ్లకుండా గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు.

"గీ పని అయినంక ఈ గదికి మళ్ల ఒక మనిషిని పెట్టుడెందుకు అంటున్నరు పెద్ద సార్లు. చీటీ మీద నంబరు జూసుకొని ఎవలైనా తీస్కపోవచ్చు గద. ఫిబ్రవరి ఒకటి నుంచి నిన్ను చెరుకు యార్డుల టోకెన్ల కాడ ఏస్తరు. కూసుండి చేసే పని. నీకున్న మూడేండ్ల సర్వీసు అల్కగ ఎల్లిపోతది."

మంచివార్త మోసుకొచ్చినవాడిలాగే చెప్పాడు. ఆయన దృష్టిలో అది మంచివార్తే కాబోలు. ఈ మెట్లు ఎక్కాల్సిన పని తనకు తప్పుతుంది.

చంద్రయ్య "అట్లనే సార్" అన్నాడు. పైవాళ్లతో అతనికి ఇంకో మాట అలవాటు లేదు.

వసంతమ్మకు ఆ మాటలు వినిపించాయో లేదో. స్టూలు లాక్కుని కూర్చుని, సంచిలోంచి గళ్ల కాగితాలు తీసింది. వరసకు ఎనభై గళ్లు.

"ఒక ఫర్మాకు ఒక వరస. నేను రాసుకపోతే హైదరాబాద్‌ల దీన్ని కార్డులకు తూట్లు పొడుస్తరు. మిషన్ ఆ తూట్లను చదువుతది. నాకు ఈ సామాన్ల సంగతి ఏం తెల్వదండీ. మీరే అన్నీ చెప్పాలె."

"ఏ ఊరు బిడ్డా మీది?"

"మోర్తాడ్. పసుపు చేసేటోళ్లం."

హైదరాబాద్ పిల్ల అనుకుంటే మన పక్క పిల్లే అని తేలేసరికి చంద్రయ్యకు కొంచెం తేలికైంది. మొదటి అరలోంచి ఒక ఫర్మా దించి ఆమె ముందు పెట్టాడు. పంపు మూత. ఎర్ర రంగు, నల్ల రంగు, ఒక చివర పసుపు రంగు వేసిన పొట్టి గూటం.

"నలుపున్న కాడ పోసింది పోసినట్టే ఉంటది. ఎరుపున్న కాడ ఇంకో సామాను వచ్చి ఆనుతది, అందుకని అక్కడ మిషన్ మీద చెక్కాలె. చెక్కేటందుకు కొంచెం మందం ఎక్కువ పెడ్త."

"పసుపు?"

"అది సామాన్ల ఉండదు."

"ఉండందాన్ని ఎందుకు చేసిన్రు?"

"మూతకు నడుమ బొక్క పడాలె గదా. బొక్క పడాలంటే ఇసుకల ఇంకో ఇసుక గడ్డ పెట్టాలె. ఆ గడ్డ యాడ కూసోవాలె? గాలిల నిలబడదు గద. ఈ గూటం ఇసుకల గుంట చేసి పోతది, గడ్డ వచ్చి ఆ గుంటల కూసుంటది. గిది దానికి ఏసిన పీట అనుకో."

వసంతమ్మ కలం ఆగింది. ఆ పసుపు గూటాన్ని చేత్తో తడిమి, గళ్ల కాగితం పక్కకు పెట్టి, సంచిలోంచి తన సొంత నోటు పుస్తకం తీసింది. చాలాసేపు ఏదో రాసుకుంది. అట్టపెట్టె తెరిచి, రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట ఒకటి చంద్రయ్య చేతిలో పెట్టింది.

"ఇది ప్రోగ్రాం. మిషన్‌కు చెప్పే పని. పేర్లను వరసగా పేర్చుమని చెప్తది ఇది. మా దగ్గర ఎనిమిది మందిమి ఉన్నం. ఎనిమిది మందిమీ ఇదే పనిని ఎవలకు వాళ్లం మళ్ల మొదటి నుంచి రాసుకుంటం. నేను రాసింది ఇంకొకలు తీస్కపోయి వాళ్ల కట్టల పెట్టుకుంటే కూసోదు. వాళ్ల అంకెలు నా అంకెల మీద పడి మొత్తం ఆగమైతది. రెండేండ్లుగ ఆలోచిస్తున్న, ఒక్కసారి రాసి అందరం వాడుకునేటట్టు ఎట్ల రాయాలె అని."

"పీట లేకుంటే యాడ కూసుంటది?" అన్నాడు చంద్రయ్య.

"అదే. నాకు పీట సంగతి తట్టలేదు."

ఆమె నవ్వింది. చంద్రయ్య ఆ కట్టను ఇటూ అటూ తిప్పి, అరచేతి మీద బరువు చూసి, జాగ్రత్తగా వెనక్కి ఇచ్చాడు. తన పని ఇంకొకరి పనికి పనికొస్తుందని ఎవరైనా చెప్పడం అతనికి కొత్త.

*

మంగళవారం ఆమె ఎనిమిది కాకముందే వచ్చింది. గెస్ట్‌హౌస్‌లో వంటవాడు తప్ప పలకరించేవాళ్లు లేరట. కాలనీ ఆడవాళ్లు కిటికీల్లోంచి చూస్తున్నారే కానీ, ఒక్కరూ బయటికి రాలేదట. గేటు దగ్గర తారాబాయి హోటల్లోంచి రెండు చాయలు తనే పట్టుకొచ్చింది. ఒకటి చంద్రయ్య ముందు పెట్టి "తాగు బాపూ" అంది. ముందు రోజు 'అండీ' ఎక్కడ జారిపోయిందో ఇద్దరూ పట్టించుకోలేదు.

ఆ మాట విని చంద్రయ్య చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. క్వార్టరులో భార్య ఈరవ్వ పోయినప్పటి నుంచీ అతన్ని తాగమని, తినమని అనేవాళ్లు లేరు. పొద్దున తాళం వేస్తాడు, సాయంత్రం తీస్తాడు. నడుమ ఈ గది ఉంది కనుక బతికాడు. ఈ గదికి మాత్రం మనుషులు వస్తారు. ఏదో విరిగితే తప్ప రారు, అది వేరే సంగతి. వచ్చినవాళ్లను చంద్రయ్య మొదట అడిగేది ఒక్కటే.

"దేంట్ల పోస్తరు?"

ఇనుములోనా, రాగీ తగరమూ కలిపిన గన్‌మెటల్‌లోనా, ఇత్తడిలోనా అని. "ఇనుములనే" అంటాడు ఆశన్న. ఎట్లా విరిగిందని చంద్రయ్య అంటాడు. ఏ షిఫ్టులో, ఎవరి చేతుల్లో అని ఆశన్న మొదలుపెడతాడు. బీడీ వెలుగుతుంది. ఆశన్న కోడలి పురుడు, ముప్కాల్ దగ్గర కడుతున్న డ్యాము పనిలోకి వెళ్లిన తమ్ముడు, అన్నీ ఆ ఒక్క ప్రశ్న తలుపులోంచే లోపలికి వస్తాయి. పందొమ్మిదేళ్లలో చంద్రయ్య మాట్లాడిన మాటల్లో ముప్పాతిక వంతు ఆ ప్రశ్న తర్వాత మాట్లాడినవే.

అట్లాగని అది ముచ్చట కోసం అడిగే ప్రశ్న కాదు. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది. ఇనుము కొంత కుంచించుకుంటే గన్‌మెటల్ ఇంకొంత ఎక్కువ. అందుకే ఫర్మాను ఎప్పుడూ కావలసిన కొలత కంటే పెద్దగా చెక్కాలి. చంద్రయ్య బల్ల పైన మేకుకు మూడు స్కేళ్లు వేలాడుతుంటాయి. చూడ్డానికి మూడూ ఒకటే. కానీ ఇనుము స్కేలులో అడుగు అసలు అడుగు కంటే వెంట్రుకవాసి పొడుగు, గన్‌మెటల్ స్కేలులో అడుగు ఇంకా పొడుగు. ఏ ఫర్మా ఏ స్కేలుతో చెక్కాడో అతని బుర్రలో తప్ప ఎక్కడా రాసి లేదు. లోహం మారితే అప్పటికప్పుడు పలచటి చెక్క పట్టీ అతికిస్తాడు, లేదంటే కొత్తది చేస్తాడు. అడగకుండా ఏ ఫర్మానూ ఇవ్వడు.

ఆ రోజంతా వసంతమ్మ అడుగుతూనే ఉంది. పక్కలు ఎందుకు ఏటవాలుగా ఉన్నాయంటే, ఇసుకలోంచి బయటికి తీసేటప్పుడు గోడ కూలకుండా అని చెప్పాడు. కొన్ని ముక్కలు ఎందుకు ఊడివస్తున్నాయంటే, ముందు పెద్దది తీసి తర్వాత చిన్నది తియ్యాలని తీసి చూపించాడు. ఆమె గళ్ల కాగితం నింపుతూ, మధ్యమధ్య నోటు పుస్తకం కూడా నింపుకుంటూ పోయింది. నూట పన్నెండో నంబరు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పాకం తొట్టి గేరు పళ్ల ముక్క అది. అట్లాంటి ముక్కలు ఆరు పోసి చక్రం చుట్టూ బోల్టులతో బిగిస్తారు. తొట్టిలో చక్కెర పాకాన్ని రాత్రింబగళ్లు కలిపే చక్రం.

సాయంత్రం ఆమె నోటు పుస్తకం మూసి, ఒళ్లు విరుచుకుని అంది. "నాకు ఒక్కటి సమజైంది బాపూ. మంచి ముక్క అంటే, చేసినోళ్లు పక్కన నిలబడకున్నా ఎవలు వాడుకున్నా సరిగ్గ కూసోవాలె. గదే నేను రాయాలె. ఇంకేమన్నా ఉన్నదా, ఫర్మా గురించి నాకు చెప్పంది?"

చంద్రయ్య కళ్లు మేకు మీది మూడు స్కేళ్ల వైపు పోయాయి. ఆమె వాటిని చూసింది, కానీ మూడూ ఒకటే అనుకుంది. ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

చెరకు యార్డు అతని కళ్లముందు మెదిలింది. దుమ్ము, ఎద్దులు, అరుపులు. టోకెను ఇవ్వడం, టోకెను తీసుకోవడం. అక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

"గంతే" అన్నాడు.

ఆ మాట అనేసి ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. చీపురు తీసుకుని, ఊడ్చిన నేలనే మళ్లీ ఊడ్చాడు.

నింపిన కాగితాలు స్టోర్సులో చూపించాలని ఆమె మెట్లు దిగిన కాసేపటికి ఆత్మారాం పైకి రాకుండానే కిందినుంచి కేకేశాడు. "చంద్రయ్యా! రేపటి సంది చీటీల నంబరు ఉంటే ఫర్మా ఇచ్చెయ్యాలె! ముచ్చట్లు పెట్టకు! పనులు ఆగుతున్నయ్!"

*

బుధవారం పొద్దున ఆశన్న బూట్లు రెండేసి మెట్లు దాటుకుంటూ వచ్చాయి. చేతిలో చీటీ. ఆత్మారాం సంతకం కింద నూట పన్నెండు అని అంకె.

"పళ్లు ఇరిగినయ్. తొట్టి ఆగింది. జల్ది జల్ది" అన్నాడు.

చంద్రయ్య అరలోంచి ఫర్మా దించాడు. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచాడు. ఆశన్న చేతులు చాచకుండా ఒక క్షణం నిలబడ్డాడు. అలవాటుగా, అడగబోయే ప్రశ్న కోసం. చంద్రయ్యకు అది తెలిసింది. నోటి దాకా వచ్చింది కూడా. ముచ్చట్లు పెట్టకు అన్న కేక చెవుల్లో ఇంకా మోగుతోంది. సరే, పెట్టను, నంబరే చాలంటున్నారు కదా, నంబరే కానీ అనుకున్నాడు. ఫర్మాను ఆశన్న చేతుల్లో పెట్టి బల్ల వైపు తిరిగిపోయాడు.

బూట్లు దిగిపోయాయి. వసంతమ్మ తలెత్తి చూసింది. రెండు రోజుల్లో ఫర్మా కోసం ఒక మనిషి రావడం ఆమె చూసింది అదే మొదలు. అందులో ఏమైనా తక్కువైందని ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

ఇనుప పళ్లు ఏటా విరుగుతున్నాయని, ఈసారి ఆరు ముక్కలూ గన్‌మెటల్‌లో పొయ్యమన్నాడట కొత్త ఇంజనీరు. ఆ సంగతి చంద్రయ్యకు గురువారం పొద్దున తెలిసింది. అదీ చెవులతో కాదు. కింద గోల విని, మెట్లు దిగి, పాకం గదిలోకి పోయి కళ్లారా చూశాడు.

చక్రం చుట్టూ ముక్కలు పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. మొదటిది చక్కగా కూర్చుంది. రెండోదాని బోల్టులను సుత్తితో కొట్టి దూర్చారు. మూడోదానికి ఒక్క బోల్టే పట్టింది. మిగతావాటిని చక్రానికి ఆనించి తాళ్లతో కట్టి చూశారు. ఆరోది పెట్టాక చివర అర అంగుళం పైన సందు మిగిలింది. ఆ మెరుపు చూడగానే చంద్రయ్యకు అంతా అర్థమైంది. ముక్కకు ముక్కకు తేడా సూతు కూడా లేదు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు కూడా లేదు, కానీ ఆరు కలిసేసరికి అంత సందు.

నిన్నటి నుంచి కదలని తొట్టిలో పాకం రాయి అయింది. ఏడుగురు లోపలికి దిగి గడ్డపారలతో తవ్వుతున్నారు. ఆశన్న కూడా దిగాడు. తన పోత పాడైందని తనే దిగాడట. పైకి వచ్చి నీళ్లు తాగుతుంటే అతని అరచేతులు కనిపించాయి. బొబ్బలు లేచి, చిట్లి, వాటికి చక్కెర జిగురు అంటుకుని ఉంది.

"ఫర్మా తప్పు" అన్నాడు ఆత్మారాం అందరికీ వినపడేట్టు. "పాతదైంది. కట్టె గుంజుకపోయింది. గిందుకే అంటున్నం, అన్నీ లెక్కల ఉండాలె అని."

అందరూ చంద్రయ్య వైపు చూశారు.

"ఫర్మా తప్పు గాదు" అన్నాడు చంద్రయ్య. ఆ తర్వాతి మాట చెప్పాలంటే మొన్న సాయంత్రం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఆశన్న తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి తుడుచుకుని, గడ్డపార అందుకుని మళ్లీ తొట్టిలోకి దిగాడు.

*

గదిలో వసంతమ్మ గళ్ల కాగితాలన్నీ నేల మీద పరుచుకుని, మధ్యలో కూర్చుని ఉంది. ఏడ్చినట్టుంది. చంద్రయ్య రాగానే నూట పన్నెండో వరస మీద వేలు పెట్టింది.

"తప్పు నాది బాపూ. నేను రాసింది చూసే ఆ చీటీ రాసిన్రు. నిన్ను ఏదో అడగాలె, అడగలేదు. పొద్దటి సంది చూస్తున్న, ఏది అడగలేదో తెలుస్తలేదు. నేను ఏది అడగలేదు?"

చంద్రయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆమె గట్టిగా నిలదీసి ఉంటే బహుశా ఇంకో అబద్ధం ఆడేవాడు. చెయ్యని తప్పును ఆ పిల్ల నెత్తిన వేసుకుని కూర్చుంది. చూడలేకపోయాడు.

మేకు మీది స్కేళ్లు మూడూ తీశాడు. ఆమె ముందు నేల మీద, ఒక పక్క కొసలు సమానంగా ఉండేట్టు ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. రెండో పక్క కొసలు సమానంగా లేవు.

ఆమె మెల్లగా చేయి చాపి, తేడా ఉన్నచోట గోటితో తడిమింది.

"నువ్వు అడిగినవ్ బిడ్డా. 'ఇంకేమన్నా ఉన్నదా' అని అడిగినవ్. నేనే చెప్పలే" అన్నాడు. ఇనుము గురించి, గన్‌మెటల్ గురించి, ప్రతివాళ్లనూ తను అడిగే ఆ ఒక్క ప్రశ్న గురించి అంతా చెప్పాడు. "నిన్న ఆశన్నను అడగలె. అడిగేదుండె. అలిగిన. పసిపోరని లెక్క అలిగిన."

ఎందుకు చెప్పలేదని వసంతమ్మ అడగలేదు. సోమవారం గుమ్మం దగ్గర ఆత్మారాం అన్న మాటలు ఆమెకు వినిపించాయి, వినిపించనట్టు కూర్చుందంతే. కాగితంలో అరవై నాలుగో గడి నుంచి అటు వైపంతా ఖాళీగా ఉంది. ఆ ఖాళీ వైపు చూస్తూ గొంతు తగ్గించి అంది.

"ఈ గడి ఇట్లనే వదిలిపెడ్త బాపూ. లోహం సంగతి ఫర్మా గదిల మనిషినే అడగాలె అని రిపోర్టుల రాస్త. అప్పుడు నిన్ను ఇక్కడి నుంచి తియ్యలేరు. ఇందుల అబద్ధం కూడా లేదు."

చంద్రయ్య ఆశ పడ్డాడు. పడలేదని అంటే అది అబద్ధం. మూడేళ్లు. ఈ బల్ల, ఈ కిటికీ, మెట్ల మీద బూట్ల చప్పుడు. ఒక్క గడి ఖాళీగా ఉంటే చాలు, అన్నీ ఉంటాయి. అట్లా అనుకుంటూనే స్కేళ్లు తీసి మేకుకు తగిలించబోయాడు. తన అరచేతులు కనిపించాయి. నున్నగా, కట్టె నూనె వాసనతో. బొబ్బలు లేవు. బొబ్బలు లేచింది ఇంకొకరి చేతులకు.

"నేను జరమొచ్చి పండుకుంటే?" అన్నాడు. "రేపు పొద్దున నేను సస్తే? మళ్ల గిట్లనే ఎవడో తొట్టిల దిగి తవ్వాలె. రాయి బిడ్డా."

"రాస్తే నువ్వు..."

"మొన్న నువ్వే అన్నవ్ గద. చేసినోడు పక్కన నిలబడకున్నా సరిగ్గ కూసోవాలె అని. రాయి."

ఆమె కలం తీయలేదు. చంద్రయ్యే బల్ల మీది సన్న కుంచె తీసి, తెల్ల రంగులో ముంచి, మొదటి అర దగ్గరికి పోయాడు. పంపు మూత మీద, నలుపు మీద స్పష్టంగా, 'ఇను' అని రాశాడు. "ఒకటి. ఇనుము" అన్నాడు పైకి. కాసేపటికి వెనక కాగితం మీద కలం గీరుకున్న చప్పుడు వినిపించింది.

*

రెండు వందల నలభై ఫర్మాల మీదా అక్షరాలు ఎక్కేసరికి శుక్రవారం సాయంత్రమైంది. మధ్యలో గన్‌మెటల్ స్కేలుతో పళ్ల ముక్కకు కొత్త ఫర్మా చెక్కాడు. ఏది ఏ లోహానిదో చెప్పడంలో నాలుగు ఫర్మాల దగ్గర తప్ప అతను తడబడలేదు, ఆ నాలుగూ కొలిచి చూశాడు. చీటీ కాగితం కూడా వసంతమ్మ కొత్తగా గీసింది. నంబరు పక్కన లోహం అని ఒక గడి. అది నింపకుండా చీటీ చెల్లదు. ఫర్మా మీది అక్షరాలకూ చీటీలో రాసినదానికీ పొంతన కుదరకపోతే ఫర్మా దిగదు. రిపోర్టులో మొదటి వాక్యం, నూట పన్నెండో ఫర్మాలో తప్పు లేదు అని. రెండో వాక్యం, కాగితం తయారు చేయడంలో తప్పు జరిగింది అని. కింద తన సంతకం పెట్టింది. చంద్రయ్య పేరు ఎక్కడా లేదు. అతను వద్దన్నా వినలేదు.

శనివారం పొద్దున కొత్త ముక్కలు ఆరూ బోల్టులు బిగుసుకుని కూర్చున్నాయి. సందు లేదు. తొట్టి తిరగడం మొదలుపెట్టింది. ఆత్మారాం అందరికీ చాయ్ పోయించి, కొత్త పద్ధతి వచ్చాక పని ఎంత సాఫీగా ఉందో చూడండన్నాడు.

నిజామాబాద్ బస్సుకు ఇంకా టైముందని వసంతమ్మ మెట్లెక్కి వచ్చింది. నోటు పుస్తకం తెరిచి చూపించింది. పేజీ నిండా డబ్బాలు, బాణాలు. డబ్బా పైన ఒక గడి, పక్కన ఒక పీట లాంటి గీత.

"నేను రాసే ప్రతి కట్టకు పైన ఒక కార్డు పెడ్త బాపూ. దీనికి ఏం ఇయ్యాలె, ఇది ఏం ఇస్తది, ఎక్కడ కూసుంటది, దేంట్ల పొయ్యొద్దు. అది సదవకుండ ఎవలూ వాడొద్దు."

"మంచిగుంటది" అన్నాడు చంద్రయ్య. ఇంకా ఏదో అనాలనిపించింది. "మంచిగ తిను బిడ్డా" అన్నాడు చివరికి.

ఆమె వంగి అతని కాళ్లకు దండం పెట్టింది. చెప్పుల చప్పుడు పద్దెనిమిది మెట్లూ దిగింది. ఆరో మెట్టు దగ్గర ఆగినట్టు అనిపించింది కానీ, ఆగలేదు.

సోమవారం పొద్దున చంద్రయ్య గది ఊడ్చి, కిటికీ తెరిచి, స్టూలు తుడిచి పెట్టాడు. యార్డుకు పోవడానికి ఇంకా పది రోజులుంది. పదింటికి బూట్ల చప్పుడు వినిపించింది. దబదబా. చంద్రయ్య ఒళ్లు దులుపుకుని లేచాడు. ఆశన్న చేతులకు గుడ్డ పేలికలు చుట్టుకుని ఉన్నాడు. గుడ్డలోంచి బయటికి కనిపిస్తున్న రెండు వేళ్లతో చీటీ పట్టుకుని అందించాడు.

చంద్రయ్య అరలోంచి ఫర్మా దించాడు. దుమ్ము లేకపోయినా తుడిచాడు. ఆశన్న చేతులు చాచే ఉన్నాడు.

"దేంట్ల పోస్తరు?" అన్నాడు చంద్రయ్య.

"చీటీల ఉన్నది గదనే" అన్నాడు ఆశన్న. కోపంగా అనలేదు. పని మీద ఉన్నాడు, అంతే. ఫర్మాను మోచేతుల మీద సర్దుకుని మెట్లు దిగిపోయాడు.

చంద్రయ్య బల్ల మీది చీటీ తీసి వెలుతురులో పెట్టి చదివాడు. నంబరు ఉంది. లోహం ఉంది. సంతకం ఉంది. ఎక్కడా తప్పు లేదు.